ఒక అమ్మాయికి ఒకే విజిటరు

కోటిపురంలో దమయంతి గారి గొంతు తెలియనివాళ్ళు లేరు. మహిళా కాలేజీ గోడ పక్కనే వాళ్ళ ఇల్లు. ఐదేళ్ళ కిందట ఓరోజు మిద్దె మీద గుమ్మడి వడియాలు పెడుతూ గోడవతలికి తొంగిచూశారు. ఆడపిల్లలు బంతి పట్టుకుని పరుగులు తీస్తున్నారు. చేతిపిండి ఆరిపోతున్నా అలాగే చూస్తూ నిలబడిపోయారు. కాకులు సగం వడియాలు ఎత్తుకుపోయేసరికి ఆవిడకి ఫౌలంటే ఏమిటో తెలిసింది. మిగతా సగం పోయేసరికి ఫౌలివ్వని రిఫరీని ఏమనాలో కూడా తెలిసింది.

సప్తగోదావరి విశ్వవిద్యాలయం కింద మహిళా కాలేజీలు ఎనిమిది. దీపావళి వెళ్ళాక మొదలై శివరాత్రి దాకా వాటి మధ్య బాస్కెట్‌బాల్ పోటీలు జరుగుతాయి. ఏ ఊళ్ళో మ్యాచి ఉంటే ఆ ఊరికి దమయంతి గారు పులిహోర డబ్బా పట్టుకుని బస్సెక్కాల్సిందే. “ఆ జట్టులో మనకెవరున్నారే?” అని భర్త ముకుందరావు గారు మొదట్లో విసుక్కున్నారు.

“పన్నెండుమంది ఉన్నారు” అందావిడ.

ఆ పన్నెండుమందిలో ఆవిడ ప్రాణం కెజియా. సముద్రపు ఒడ్డు ఊరి పిల్ల. తల్లి ఎండుచేపలమ్మి చదివిస్తోంది. సన్నగా ఉంటుంది, బంతి చేతికందిందంటే మాత్రం ఎదర ముగ్గురున్నా సందు చూసుకుని దూరిపోతుంది. ఇప్పుడు జట్టుకి కెప్టెను, కాలేజీలో ఆఖరి ఏడు. ఫైనలు రోజున సెలెక్టర్లు వచ్చి ఎనిమిది కాలేజీల్లోంచీ విశ్వవిద్యాలయం జట్టుకి పన్నెండుమందిని ఏరుతారు. ఆ జట్టులో పడితే వ్యాయామ విద్య కాలేజీలో సీటు, ఫీజు విశ్వవిద్యాలయానిదే.

“ఈ ఏడు పోతే ఇంకేం లేదు పెద్దమ్మా,” అంది కెజియా సీజను మొదట్లో. “అమ్మ రొయ్యల షెడ్డులో చెప్పేసిందండి. పరీక్షలైన మర్నాడే రమ్మన్నారంట.”

“నోర్ముయ్యి. సెలెక్టర్లకి కళ్ళుంటే చాలు, నువ్వు రొయ్యలొలిచే పనుండదు” అన్నారు దమయంతి గారు. సెలెక్టర్లకి కళ్ళుండటం సరిపోదనీ, వాటిని వాడుకోనివ్వాలనీ ఆవిడకి అప్పటికి తోచలేదు.

మొదటి మ్యాచిలో ఎవడో వెధవ గోడెక్కి ఈల వేశాడు. దమయంతి గారు కాలిచెప్పు తీసి విసిరారు. వాడి వీపు మీద పడింది, వాడు అవతలకి దూకి పరుగో పరుగు. అక్కడితో ఆ సంగతి అయిపోయింది. బుద్ధున్నవాళ్ళయితే ఆవిడకి రెండో చెప్పు కూడా ఇచ్చి గోడ దగ్గర కుర్చీ వేసేవారు. కానీ ఈల సంగతి విశ్వవిద్యాలయానికి తెలిసింది. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకునేవాళ్ళకి అక్కడ కొదవలేదు. వారం తిరక్కుండా ‘విద్యార్థినీ క్రీడా గౌరవ పరిరక్షణ స్థాయీ సంఘం’ ఏర్పడింది.

సంఘానికి అధ్యక్షులు ఆచార్య గుణశేఖరం గారు. ఆయన పాతకాలం నాణేల మీద పరిశోధన చేశారు. బాస్కెట్‌బాల్ మీద ఆయనకి ఎలాంటి ముందస్తు అభిప్రాయమూ లేదు కాబట్టి నిష్పాక్షికంగా ఉంటారని ఎంపిక చేశారట. వచ్చి కోర్టంతా తిరిగి చూశారు. బుట్టకి అడుగు లేకపోవడం గమనించి, ఇది ఎన్నాళ్ళుగా ఇలా ఉందని ప్రిన్సిపాలుని నిలదీశారు. ఆ సాయంత్రమే మొదటి ఉత్తర్వు వచ్చింది.

“ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఈల వేయు ప్రవృత్తి పురుషులయందు అధికముగా గోచరించుచున్నందున, విద్యార్థినుల క్రీడా ప్రాంగణములోనికి పురుషుల ప్రవేశము నిషేధించడమైనది.”

ఇరవయ్యేళ్ళుగా ఆ పిల్లలకి ఆట నేర్పుతున్న కోచ్ నూకరాజు గారు కూడా పురుషుడేనని సంఘం విచారణలో తేలింది. ఆయన్ని గేటు బయట సోడాకొట్టు బల్ల మీద కూర్చోబెట్టారు. రిఫరీలూ పురుషులే. వాళ్ళ బదులు హోమ్ సైన్సు మేడం గారిని నిలబెట్టారు. అసలు గొడవంతా ఈలతోనే వచ్చింది కాబట్టి ఆవిడ చేతికి ఈల ఇవ్వడం భావ్యం కాదని, ప్యూను గంట ఇచ్చారు. గంట మోగినప్పుడల్లా పక్క క్లాసులోంచి పిల్లలు పీరియడ్ అయిపోయిందనుకుని బయటికొచ్చేసేవారు.

“పోనీలే, ఆడాళ్ళమైనా చూస్తున్నాం” అనుకున్నారు దమయంతి గారు. అలా అనుకున్న నాలుగోనాడే రెండో ఉత్తర్వు దిగింది. ఆడవాళ్ళయినా సరే, క్రీడాకారిణికి సంరక్షకురాలైతేనే లోపలికి రావాలి.

ఆవిడ నేరుగా హాస్టలు వార్డెను జగదాంబ మేడం దగ్గరికి వెళ్ళారు. పక్కన కెజియా.

“ఈవిడ నీకేమవుతారమ్మా?” అన్నారు వార్డెను.

“పెద్దమ్మండి.”

“ఇంటిపేర్లు కలవలేదే. ఊళ్ళూ కలవలేదు. మతం కూడా…”

“గోడ కలిసింది కదండీ,” అన్నారు దమయంతి గారు. “మీ గోడా మా గోడా ఒకటే. సున్నం వేయించినప్పుడు సగం ఖర్చు మా ఆయన దగ్గర పుచ్చుకున్నారు, అప్పుడు చుట్టరికం అడిగారా?”

వార్డెను సంతకం పెట్టేసింది. కానీ సంరక్షకురాలికి నిబంధనలున్నాయి. కుర్చీలోంచి లేవకూడదు, పేరుపెట్టి పిలవకూడదు. చప్పట్లు కొట్టాలనిపిస్తే ఆగాలి. లైబ్రేరియన్ గారు ఆకుపచ్చ అట్ట పైకెత్తినప్పుడు అందరూ కలిసి, వేళ్ళు మాత్రం తగిలేలా కొట్టాలి. ఆ వారం మ్యాచిలో కెజియా మధ్యగీత దగ్గర్నుంచి బంతి విసిరితే అది రింగుకి తగలకుండా బుట్టలో పడింది. దమయంతి గారు నోట్లో కొంగు కుక్కుకుని లైబ్రేరియన్ వైపు చూశారు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది. అట్ట లేచేసరికి అవతలి జట్టు రెండు బుట్టలు వేసింది, దాంతో ఆ చప్పట్లు వాళ్ళకి వెళ్ళిపోయాయి.

తర్వాత పెదలంక కాలేజీతో మ్యాచి. వాళ్ళ వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. వాచ్‌మన్ సింహాద్రి చేతులడ్డం పెట్టాడు.

“ఎవరమ్మా మీరంతా?”

“ఆడ్డానికొచ్చామండి. మ్యాచి ఉంది కదా.”

“ఈ కాలేజీ పిల్లలేనా?”

“మేం ఈ కాలేజీ అయితే మ్యాచి ఎవరితో ఆడతామండీ?”

“అంటే బయటోళ్ళు,” అన్నాడు సింహాద్రి. “బయటోళ్ళు లోపలికెళ్ళకూడదని కొత్త కాయితం వచ్చిందమ్మా. నేనేం చేసేది?”

సింహాద్రి తప్పేం లేదు. అయితే మహిళా కాలేజీ గేటు దగ్గర ఎప్పట్నుంచో ఒక కట్టుబాటు ఉంది. బయటివాళ్ళు ఎవరైనా ఆదివారం నాలుగు నుంచి ఐదు లోపల విజిటరుగా రావచ్చు. ఎవర్ని చూడ్డానికొచ్చారో, ఏమవుతారో చెప్పాలి. ఒక అమ్మాయికి ఒకే విజిటరు. చెప్పిన అమ్మాయితో తప్ప ఇంకొకరితో మాట్లాడకూడదు. హాస్టలు వరండాలో బెంచీ మీద అరటిపళ్ళు ఇచ్చిపోయే అమ్మమ్మల కోసం పెట్టిన రూలు అది. గుణశేఖరం గారు దాన్ని ఆమూలాగ్రం చదివి, కళ్ళు మెరుస్తుండగా కుర్చీలోంచి లేచారు.

“పరిష్కారం నిబంధనలోనే నిగూఢంగా ఉన్నది!” అన్నారు ప్రిన్సిపాలుతో. “ప్రత్యర్థి జట్టులోని ఒక్కొక్క క్రీడాకారిణి మన జట్టులోని ఒక్కొక్క క్రీడాకారిణికి సందర్శకురాలు. పోటీ ఆదివారం నాలుగింటికి. అటు క్రీడాస్ఫూర్తికీ భంగం లేదు, ఇటు గౌరవానికీ భంగం లేదు.”

ఆదివారం వచ్చింది. పెదలంక జట్టులో పొడుగుపిల్ల షహనాజ్, ఎదుటివాళ్ళకి ఊపిరాడనివ్వని ఆట. కెజియాని ఆపగలిగేది ఆ పిల్లొక్కతే. అందుకని కెజియాని చూడ్డానికొచ్చానని గేటు దగ్గర చెప్పింది.

“ఈ అమ్మాయి నీకేమవుతుంది?” అన్నారు వార్డెను కెజియాతో.

“బాబాయి కూతురండి.”

“షహనాజ్ నీకు బాబాయి కూతురా?”

“గంటసేపు అవుద్దండి.”

ఆట మొదలైంది. షహనాజ్ కెజియాని వదలదు, కెజియా షహనాజ్‌ని వదిలించుకుని గుమ్మం దాటిన దూడలా పరిగెడుతుంది. ఇంకో పెదలంక పిల్ల సాయానికొచ్చి కెజియాకి అడ్డం నిలబడింది. టంగుమని గంట మోగింది.

“ఆగండి! నువ్వు ఎవరి విజిటరువమ్మా?” అంది హోమ్ సైన్సు మేడం.

“నాగలక్ష్మి విజిటర్నండి.”

“మరి కెజియా దగ్గర నీకేం పని? అనుమతి లేని పరామర్శ! బంతి కోటిపురానికి.”

దమయంతి గారికి తన జట్టుకి బంతి వచ్చిన సంతోషం కలగలేదు, ఒళ్ళు మాత్రం మండింది. ఆటంటే తోడురావడం, అడ్డుపడటం, ఒకర్ని వదిలి ఇంకొకర్ని పట్టుకోవడం. వీళ్ళు దాన్ని ఆస్పత్రి వరండా చేసి పెట్టారు. అయినా పిల్లలు పిల్లలే, ఆ రూలులోనే ఆడి ఆడి రెండు జట్లూ సమానానికొచ్చాయి. ఐదవుతోంది. కెజియా మూలనుంచి ఎగిరి బంతి విసిరింది. బంతి గాల్లో ఉండగా హాస్టలు గంట కొట్టారు, తర్వాత బంతి బుట్టలో పడింది.

“చెల్లదు,” అంది హోమ్ సైన్సు మేడం. “ఐదు దాటాక ఏదీ లోపలికి వెళ్ళకూడదు.”

ఆ మ్యాచి ఎవరూ గెలవలేదు. ఇలా అయితే ఎలాగని ప్రిన్సిపాలు మొరపెట్టుకుంటే సంఘం దయతలచి, సగం ఆటయ్యాక విజిటర్లని మార్చుకోవచ్చని సవరణ తెచ్చింది. ఆ సవరణని ప్రతి కాలేజీ ఒక్క కెజియా మీదే వాడింది. మొదటి సగంలో ఒకతె, అలిసిపోతే రెండో సగంలో ఇంకొకతె. ఇద్దరు కాదు, ఇరవైమంది వచ్చినా కెజియా ఆగలేదు. పొరుగూళ్ళ మ్యాచిలకి దమయంతి గారిని అక్కడి గేట్లు రానివ్వలేదు. ఆవిడ గోడకి చెవి ఆనించి విన్నారు. మొత్తానికి కోటిపురం ఫైనలుకొచ్చింది, ఎదర మళ్ళీ పెదలంక.

“ఇంకొక్క ఆట తల్లీ,” అన్నారు దమయంతి గారు కెజియా తలకి నూనె రాస్తూ. “సెలెక్టర్లు వచ్చేస్తున్నారు.”

సెలెక్టర్లు ముగ్గురూ నిజంగానే వచ్చారు. ముగ్గురూ మగవాళ్ళు కావడంతో సోడాకొట్టు బల్ల మీద నూకరాజు గారి పక్కన సర్దుకుని కూర్చున్నారు. లోపల అంతకన్నా పెద్ద విశేషం జరిగింది. ఫైనలు ఉద్వేగభరితమైన సన్నివేశమనీ, అందులో విజిటర్లు హద్దు మీరే ప్రమాదముందనీ సంఘం ఆఖరి నిమిషంలో తీర్మానించింది. ఏ జట్టుకా జట్టు తన కాలేజీలోనే తాను ఆడుకోవాలి. ప్రత్యర్థిని మనసులో భావించుకోవాలి.

కోర్టులో ఐదుగురే పిల్లలు నిలబడ్డారు. గంట మోగింది. కెజియా బంతి పట్టుకుని అటూ ఇటూ చూసింది.

“ఆడమ్మా, ఆడు!” అంది హోమ్ సైన్సు మేడం. “ఎవరూ అడ్డం లేరుగా, ఇంతకంటే ఏం కావాలి?”

కెజియా కుర్చీల వైపు తిరిగింది. “ఎవరి మీద ఆడను పెద్దమ్మా?” అంది. ఆ పిల్ల గొంతు అలా పీలగా పలకడం దమయంతి గారు ఎప్పుడూ వినలేదు. కళ్ళ నీళ్ళొచ్చేశాయి. లేవకూడదన్న సంగతి మరిచిపోయి లేచారు, కూర్చోమని లైబ్రేరియన్ ఎర్ర అట్ట ఎత్తింది.

రెండు జట్లూ ఒక్క ఫౌలు లేకుండా ఆడాయి కాబట్టి రెండూ గెలిచినట్టు ప్రకటించారు. కప్పు ఒకటే ఉంది కనక, వివాదం రాకుండా దాన్ని సంఘం పుచ్చుకుంది.

ఇక పన్నెండుమందిని ఏరడం. సెలెక్టర్లు ఆట చూడలేదు కాబట్టి, చూసినవాళ్ళ కంటే నమ్మదగిన ఆధారం కావాలన్నారు గుణశేఖరం గారు. ఏ అమ్మాయికి ఎంతమంది విజిటర్లు వచ్చారో అదే నడవడికి కొలమానం అన్నారు. ఎంత తక్కువమంది వస్తే అంత మంచి పిల్ల. ఆ లెక్కన సీజనంతా బెంచీ మీంచి లేవని పిల్లలు పదిమంది మొదట వచ్చారు. ఇంకో ఇద్దరు అసలు జట్టులోనే లేరు, విజిటర్లు ఎవరూ లేరని వాళ్ళనీ తీసుకున్నారు. ఎనిమిది కాలేజీల్లోనూ ఎక్కువమంది విజిటర్లు వచ్చింది కెజియాకి.

దమయంతి గారు గుణశేఖరం గారి గదిలోకి తలుపు తోసుకుని వెళ్ళారు.

“ఏవండీ, ఆ పిల్లకి ఇంతమంది ఎందుకొచ్చారో మీకు తెలీదా? మీరే కదండీ పంపించారు!”

“ఆవేశపడకండి. గణాంకములకు రాగద్వేషములుండవు,” అన్నారాయన. “ఒక్క సీజనులో ఒక అవివాహిత విద్యార్థినిని ఇంతమంది చూడవచ్చినట్లయితే, సమాజం ఏమని భావించును?”

“బంతి లాక్కోడానికొచ్చారయ్యా మహానుభావా! ఆడపిల్లలు!”

“సందర్శన ఉద్దేశము సంఘం పరిధిలోకి రాదు.”

“మరి ఏం వస్తుందయ్యా నీ పరిధిలోకి? ఆ పిల్ల బతుకు పాడుచెయ్యడమొకటే వస్తుందా?”

ఆయన గంట నొక్కారు. ప్యూను వచ్చి దమయంతి గారి సంరక్షకత్వం రద్దయిందని చెప్పి, ఆవిడని మర్యాదగా గేటు బయట వదిలాడు.

విశ్వవిద్యాలయం జట్టు పై రాష్ట్రంలో పోటీలకి వెళ్ళింది. అక్కడ గేటు బార్లా తీసే ఉంది. మన పన్నెండుమందీ గేటు దగ్గరే ఆగిపోయారు. లోపల వాళ్ళకి తెలిసినవాళ్ళెవరూ లేరు, ఎవర్ని చూడ్డానికొచ్చామని చెప్పాలో తెలీదు. రెండుసార్లు మైకులో పిలిచి, అవతలి జట్టు గెలిచినట్టు రాసేసుకున్నారు. ఇక్కడ సన్మాన సభ జరిగింది. మన జట్టు ఒక్క బుట్ట కూడా సమర్పించుకోకుండా తిరిగి వచ్చిందని గుణశేఖరం గారు గద్గద స్వరంతో చెప్పారు.

కెజియా పరీక్షలు రాసింది. మర్నాడు రొయ్యల షెడ్డుకి వెళ్ళింది. దమయంతి గారు ఒకసారి చూడ్డానికి వెళితే, చేతులు చల్లనీళ్ళలో నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. “బంతి పట్టుకుంటే జారిపోద్దేమో పెద్దమ్మా ఇప్పుడు” అని నవ్వింది. ఆవిడ ఆ నవ్వు చూడలేక, తిరుగు బస్సులో విశ్వవిద్యాలయాన్ని పేరుపేరునా తిట్టుకుంటూ వచ్చారు.

కొన్నాళ్ళకి విశ్వవిద్యాలయానికి జాలి కలిగింది. మహిళల క్రీడా ప్రాంగణాలకి ‘ద్వారరక్షకురాలు’ అని కొత్త ఉద్యోగాలు వేసి, అందులో ఒకటి క్రీడాకారిణుల కోటా కింద పెట్టింది. అర్హత ఉన్నది కెజియా ఒక్కతే. కోటిపురం గేటు దగ్గర వేశారు. ఖాకీ చొక్కా, లాఠీ, తాళంచెవులు.

“చేరవే. రొయ్యల కంటే మేలు” అన్నారు దమయంతి గారు. చేరమని చెప్పి ఇంటికొచ్చి అన్నం తినలేకపోయారు. లోపల ఆడాల్సిన పిల్లని బయట కాపలా పెట్టారు, పైగా ఆటగత్తెవని పెట్టారు.

దీపావళి వెళ్ళింది, కొత్త సీజను మొదలైంది. మొదటి మ్యాచి పెదలంకతోనే. ఆదివారం నాలుగవుతోంది. గేటు ముందు వ్యాను ఆగింది, షహనాజ్ ముందు దిగింది. వెనక ఇంకా పదకొండుమంది. పిల్లల తల్లులు కొందరు, సోడాకొట్టు బల్ల మీద నూకరాజు గారు, ఏదో పనిమీద వచ్చి సోడా తాగుతున్న సెలెక్టరొకాయన, పులిహోర డబ్బాతో దమయంతి గారు. లోపల జూనియర్లు గేటు ఊచలు పట్టుకుని చూస్తున్నారు.

కెజియా అందరినీ చూసింది. “ఎవర్ని చూడ్డానికొచ్చారు?” అంది డ్యూటీ ప్రకారం.

“ఆట చూడ్డానికి,” అన్నారు దమయంతి గారు.

“ఆడ్డానికి,” అంది షహనాజ్.

కెజియా లాఠీ గోడకానించింది. తాళం తీసి, గేటు ఓ రెక్క తెరిచింది. కాసేపాగి రెండో రెక్క కూడా గోడ దాకా తోసేసి, చక్రం కింద ఇటుక పెట్టింది. “రండి, అందరూ రండి. నూకరాజు సార్, మీరు కూడా” అంది. సెలెక్టరు గారు పిలవకుండానే సోడాసీసాతో సహా వచ్చేశారు. ఐదింటి గంట కొట్టబోయిన ప్యూనుని దమయంతి గారు పులిహోర పెట్టి కూర్చోబెట్టారు. గోడల మీదా, మిద్దెల మీదా జనం. ఎవరు ఎవర్నయినా అడ్డుకున్నారు, ఎవరు ఎవరికైనా తోడొచ్చారు. ఆకుపచ్చ అట్ట కోసం ఎవరూ చూడలేదు.

మర్నాడు కెజియాకి మెమో వచ్చింది.

“మీరు విధి నిర్వహణలో ఉండగా, మీరు కాపలా కాయుచున్న ప్రాంగణములో ఒక బాస్కెట్‌బాల్ ఆట జరిగినట్లు సంఘం దృష్టికి వచ్చినది. ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో ఇరవైనాలుగు గంటలలో సంజాయిషీ ఇవ్వవలెను.”

కెజియా దాన్ని తీసుకుని దమయంతి గారింటికొచ్చింది. “ఏం రాయమంటారు పెద్దమ్మా?”

“నీ ఇష్టమే. ఉద్యోగం పోతుంది, అది తెలుసుగా?” అన్నారావిడ.

“తెలుసండి.”

అరుగు మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, గుండ్రంగా రాసి సంతకం పెట్టింది.

“జరిగింది నిజమేనండి. డెబ్బై ఒకటి, అరవై ఎనిమిది. మనమే గెలిచాం.”